ఇక్కడ ఇన్‌చార్జి ఎవరు?

ఆసుపత్రి అభివృద్ధి సంఘం చైర్మన్ గారు ఐసీయూ గుమ్మంలో నిలబడి "ఇక్కడ ఇన్‌చార్జి ఎవరు?" అని అడిగిన సమయానికి, ఇన్‌చార్జి హెడ్ నర్సు కనకమహాలక్ష్మి ఒక మోకాలు మంచం మీద ఆనించి, ఆగిపోయిన గుండెను రెండు చేతులతో అదుముతోంది. పక్కన చిన్న నర్సు దీవెన రోగి మూతి మీద మాస్కు పట్టుకుని గాలి కొడుతోంది. చైర్మన్ గారి వెనకాల ఆయన మనుషులు పూలగుత్తులతో, పళ్ళ బుట్టలతో, వీధి చెప్పులతో నిలబడ్డారు. ఫొటోలు తీసేవాడు అప్పటికే మంచాల మధ్య చోటు చూసుకుంటున్నాడు.

చైర్మన్ గారు రెండోసారి అడిగారు. కనకం తల ఎత్తలేదు. మూడోసారి అడిగేసరికి రోగి గుండె కొట్టుకోవడం మొదలుపెట్టింది. కనకం చెమట తుడుచుకుని గుమ్మం వైపు చూసింది. అక్కడ ఎవరూ లేరు. ఒక పూలగుత్తి మాత్రం నేల మీద పడి ఉంది.

రోగి బతికాడు. చైర్మన్ గారి మనసు మాత్రం కోలుకోలేదు. తాను మూడుసార్లు అడిగినా ఒక్కరూ జవాబు చెప్పని చోట నాయకత్వం అనేదే లేదని ఆయన రాజధానికి వెళ్ళి చెప్పుకున్నారు. రాజధానిలో ఆ మాట విన్నవాళ్ళకి నిద్ర పట్టలేదు. తీవ్ర చికిత్సా విభాగాల్లో నర్సింగు నాయకత్వాన్ని పునర్వ్యవస్థీకరించడానికి వినయభూషణ్ అనే ప్రత్యేకాధికారిని పంపించారు. ఆయన అంతకుముందు పట్టుపురుగుల శాఖలో నాయకత్వాన్ని చక్కదిద్ది వచ్చాడు. అక్కడ ఇప్పుడు పట్టు లేదు గాని, నాయకత్వం బ్రహ్మాండంగా ఉందని చెప్పుకుంటారు.

మీటింగు హాలులో నర్సులందరినీ కూర్చోబెట్టారు. వేదిక మీద సూపరింటెండెంట్ డాక్టర్ అప్పలనరసింహం చేతులు కట్టుకుని కూర్చున్నాడు. తన కుర్చీలో తాను కూర్చోవడానికి కూడా పైనుంచి మాట వస్తే బాగుండునని అనుకునే మనిషి ఆయన.

"నాయకత్వము అనగానేమి?" అని వినయభూషణ్ అడిగాడు.

దీవెన లేచింది. "పేషెంటుకి బాగులేనప్పుడు అందరికంటే ముందు పరిగెత్తడం సార్."

"తప్పు. పరిగెత్తు వ్యక్తి ఏ క్షణమున ఎచ్చట ఉండునో ఎవరికిని తెలియదు. ఎచ్చట ఉండునో తెలియని వ్యక్తిని నాయకురాలని ఎట్లు అందుము? కూర్చొనుము." ఆయన కళ్ళజోడు సర్దుకున్నాడు. "ఇన్‌చార్జి అనగా, ‘ఇక్కడ ఇన్‌చార్జి ఎవరు’ అని ప్రశ్నింపబడిన తక్షణమే ‘నేనే’ అని బదులీయగల వ్యక్తి. చేతులకు తీరిక లేనప్పుడు నోటికి కూడా తీరిక ఉండదని మొన్నటి దురదృష్టకర సంఘటన వలన రుజువైనది. కావున ఇన్‌చార్జి చేతులు సదా ఖాళీగా ఉండవలెను. ఇకమీదట ఇన్‌చార్జి రోగిని ముట్టుకొనరాదు."

కనకం ఇరవై ఏళ్ళుగా ఆ ఐసీయూలోనే ఉంది. ఆమెకి నవ్వు రాలేదు. ఇలాంటివి వచ్చినప్పుడు నవ్వకూడదని సర్వీసు నేర్పింది.

"మరి రోగుల్ని ఎవరు చూస్తారండీ?" అంది.

"రోగులను చూచుట నర్సింగు. మనము ముచ్చటించుచున్నది నర్సింగు నాయకత్వమును గూర్చి. రెంటినీ కలుపరాదు."

సూపరింటెండెంట్ చప్పట్లు కొట్టాడు. చప్పట్లకి పైనుంచి ఆదేశం ఉందో లేదో గుర్తురాక మధ్యలో ఆపేశాడు.

*

మర్నాడు ఐసీయూ గుమ్మం పక్కన నేల మీద పసుపుపచ్చ రంగుతో ఒక గుండ్రం గీశారు. కనకం భుజం మీద నుంచి నడుము దాకా ఒక ఎర్ర పట్టీ వేశారు. దాని మీద బంగారు రంగు అక్షరాలతో ‘నాయకత్వము’ అని ఉంది. ఆమె డ్యూటీ అల్లా ఆ గుండ్రంలో నిలబడి, అడిగినవాళ్ళకి ‘నేనే’ అని చెప్పడం. గుండ్రం దాటితే దాన్ని నాయకత్వ శూన్యత కింద లెక్కగట్టి సస్పెండు చేస్తారు.

మొదటి రోజు ఆమెకి ఒళ్ళంతా తేళ్ళు పాకినట్టు ఉంది. మోనిటర్ కూసినప్పుడల్లా కాలు దానంతట అదే లేచేది, మళ్ళీ దించుకునేది. దీవెన మంచాల మధ్య పరిగెత్తుతుంటే, "ఆ సెలైను అయిపోతోంది చూడు", "మూడో మంచం పెద్దాయన్ని పక్కకి తిప్పు" అని గుండ్రంలోంచే చెప్పేది.

కొద్ది రోజులకి ఆమెకి ఒక కుర్చీ ఇచ్చారు. అది గిర్రున తిరిగే కుర్చీ. ఉన్నమాట చెప్పాలంటే కుర్చీ వచ్చాక ఆమెకి అంత బాధనిపించలేదు. మోకాళ్ళ నొప్పులు తగ్గాయి. డ్యూటీలో టీ వేడిగా ఉండగానే తాగడం సర్వీసులో అదే మొదటిసారి. వార్డుబాయిలు కూడా పట్టీని చూసి నమస్కారం పెట్టేవాళ్ళు. దీవెన తన వంక చూసే చూపు ఒక్కటే ఆమెకి ఇబ్బందిగా ఉండేది. కుర్చీ గిర్రున తిరిగేది కాబట్టి ఆ ఇబ్బంది కూడా తప్పించుకోవచ్చు.

ఇంతలో రాజధాని నుంచి ప్రశ్నకులు రావడం మొదలుపెట్టారు. చెప్పాపెట్టకుండా ఆసుపత్రుల్లోకి వచ్చి ‘ఇక్కడ ఇన్‌చార్జి ఎవరు’ అని అడిగి, జవాబు ఎంతసేపట్లో వచ్చిందో రాసుకుపోవడం వాళ్ళ ఉద్యోగం. ఒకాయన మురికి దుప్పట్లు పట్టుకుపోయే వెనక తలుపులోంచి దూరి, ఎదురుగా ఉన్న మంచం మీది రోగినే అడిగాడు. ఆ రోగి గొంతులో గొట్టం ఉంది. కళ్ళు ఆర్పాడు తప్ప ఏమీ చెప్పలేదు. ‘నాయకత్వము గూర్చి రోగులకు అవగాహన లేదు’ అని రిపోర్టు వచ్చింది.

దాంతో వెనక తలుపు దగ్గర ఇంకో గుండ్రం గీసి ఇంకో నర్సుకి పట్టీ వేశారు. తర్వాత వచ్చినవాడు మంచాల మధ్య నిలబడి అడిగాడు. ముందు గుమ్మం నుంచి ఒకరు, వెనక గుమ్మం నుంచి ఒకరు ఒకేసారి ‘నేనే’ అన్నారు. ఇద్దరిలో అసలు ఎవరన్నది తేలలేదు. అందుకని ఇన్‌చార్జిలకి ఒక ఇన్‌చార్జి వచ్చింది. మంచాల వరసకొక ఇన్‌చార్జి వచ్చింది. వాళ్ళలో ఎవరైనా సెలవు పెడితే ఏమిటని సూపరింటెండెంట్ భయపడి, ప్రతి ఇన్‌చార్జికీ ఒక ప్రతీక్షా ఇన్‌చార్జిని వేయించాడు. చివరికి రోగుల్ని ముట్టుకునే నర్సుగా దీవెన ఒక్కతే మిగిలింది.

ఒకరోజు దీవెన కూడా పట్టీ వేసుకుని వచ్చింది.

"నువ్వు కూడానా?" అంది కనకం.

"ఏం చెయ్యమంటారు మేడమ్? పని చేస్తుంటే నాయకత్వ లక్షణాలు కొరవడ్డాయని మెమో ఇచ్చారు. అన్ని మంచాలకీ నేనొక్కదాన్నే. నా వల్ల కాలేదు."

ఆమె గొంతులో నిష్ఠూరం కూడా లేదు. అలసిపోయి ఉంది, అంతే. కనకం కుర్చీని తిప్పుకుందామని చూసింది గాని, ఈసారి అది తిరగలేదు.

రోగులకి సేవ చేసే బాధ్యతను ‘కుటుంబ భాగస్వామ్యము’ పేరుతో చుట్టాలకి అప్పగించారు. ఐసీయూలోకి చుట్టాలు రాకూడదన్న పాత నియమాన్ని రద్దు చేశారు. తల్లులకి కొడుకులు, మామలకి కోడళ్ళు చేతనైనట్టు చేసుకుంటున్నారు. పట్టీలు కట్టుకున్న నర్సులు తమ తమ గుండ్రాల్లోంచి ఎలా చెయ్యాలో అరిచి చెప్తున్నారు. ఒకరు చెప్పేది ఒకరికి వినపడదు. ఆ నెల ఆసుపత్రికి నాయకత్వ సూచికలో జిల్లాకల్లా మొదటి స్థానం వచ్చింది. ఐసీయూలోంచి మార్చురీకి ఎక్కువమంది వెళ్ళినది కూడా ఆ నెలలోనే. అయితే ఆ సంఖ్య నాయకత్వ సూచికలో ఒక అంశం కాదు.

*

నూకాలమ్మ తన తండ్రి ఎర్రయ్యని ఆ రోజుల్లోనే తెచ్చింది. ఆమె రేవు బజారులో చేపలమ్ముతుంది. ముసలాయనకి నిమ్ము చేసి ఊపిరి అందకపోతే గొంతులో గొట్టం వేసి వెంటిలేటర్ పెట్టారు. ఆ గొట్టంలో కఫం పేరుకున్నప్పుడల్లా సన్నటి రబ్బరు గొట్టంతో లాగెయ్యాలి. లాగకపోతే ఊపిరాడదు. మొదటిసారి డ్యూటీ డాక్టరు లాగుతుంటే నూకాలమ్మ పక్కన నిలబడి చూసింది. మళ్ళీ లాగడానికి ఆ డాక్టరు రాలేదు.

వినయభూషణ్ తనిఖీకి వచ్చిన రోజున, ఆయన మంచాల మధ్య నడుస్తుండగా, ఎర్రయ్య మోనిటర్ కూయడం మొదలుపెట్టింది. ముసలాయన ముఖం నల్లబడింది. నూకాలమ్మ లేచి చుట్టూ చూసింది.

"ఈడ ఇన్‌చార్జి ఎవులమ్మా? మా నాన్నకి ఊపిరాడ్డం లేదు."

"నేనే" అని ముందు గుమ్మం నుంచి కనకం అంది. "నేనే" అని వెనక గుమ్మం నుంచి ఇంకొకరు అన్నారు. వరస ఇన్‌చార్జిలు, ప్రతీక్షా ఇన్‌చార్జిలు, ఇన్‌చార్జిల ఇన్‌చార్జి, అందరూ ఒక్క క్షణం తేడా లేకుండా ‘నేనే’ అన్నారు. వినయభూషణ్ ముఖం వెలిగిపోయింది. ఆయన కళ్ళు మూసుకుని ఆ మాటని సంగీతంలా విన్నాడు.

ఒక్కరూ కదలలేదు.

"ఇందరు ఇన్‌చార్జిలుండీ రారేటమ్మా" అంది నూకాలమ్మ. అరవలేదు. నమ్మలేనట్టు అంది.

కనకం కుర్చీలోంచి లేచింది. ఒక కాలు గుండ్రం బయట పెట్టింది. వినయభూషణ్ కళ్ళు తెరిచి ఆ కాలి వైపు చూశాడు. కనకం కాలు వెనక్కి తీసుకుంది.

"ఆ సన్న గొట్టం తియ్యి నూకాలమ్మా" అని అక్కడినుంచే అంది. "ముందు చేతికి గ్లౌజు తొడుక్కో. లోపలికి పెట్టేటప్పుడు బొక్క మీద వేలు ఉంచకు. మెల్లిగా. ఇప్పుడు వేలు మూసి తిప్పుతూ బయటికి లాగు. భయపడకు. మళ్ళీ."

నూకాలమ్మ చెప్పినట్టు చేసింది. గొట్టంలోకి కఫం గరగరమని వచ్చింది. ముసలాయన ముఖం మళ్ళీ మనిషి ముఖంలా అయింది. మోనిటర్ కూత ఆపింది.

"అద్భుతము" అన్నాడు వినయభూషణ్. "చేయి కదపకుండ, స్థానము విడువకుండ కార్యము సాధింపబడినది. దీనిని రాష్ట్రమంతటను ఆదర్శముగా చూపవలెను."

డ్యూటీ దిగాక కనకం బస్సులో కిటికీ పక్కన కూర్చుంది. తన కాలు వైపే చూసుకుంటూ కూర్చుంది. బయటపెట్టి వెనక్కి తీసుకున్న కాలు. ఆ కాలిని ఎవరో తనకి అతికించినట్టు అనిపించింది. సస్పెండు చేస్తే చేస్తారని అప్పుడు ఎందుకు అనుకోలేకపోయిందో ఆమెకే అర్థం కాలేదు. ఆ తర్వాత, ఏడుపు రాకుండా ఉండడానికి, ఆమె వినయభూషణ్ తెచ్చిన ప్రభుత్వ ఉత్తర్వు గురించి ఆలోచించింది. ఇన్‌చార్జి ఎవరై ఉండాలని అందులో ఉందో మాటకి మాట గుర్తుచేసుకుంది. తన స్టాపు దాటిపోయినా దిగలేదు.

*

వినయభూషణ్ మర్నాడు అతిథి గృహంలో పెసరట్టు తింటుండగా కనకం వెళ్ళి నిలబడింది.

"సార్, మా ఐసీయూలో ఇంతమంది ఇన్‌చార్జిలుండడం మీకు అసంతృప్తిగా లేదా అండీ?"

ఆయన నములుతున్నది ఆపాడు. "అసంతృప్తికి కారణము?"

"ఒక్క ప్రశ్నకి ఇన్ని గొంతులు. అడిగినవాళ్ళకి ఎవరి వైపు చూడాలో తెలీటం లేదు సార్. రెండు గుమ్మాలకీ, అన్ని మంచాలకీ వినపడే గొంతు ఒక్కటి ఉంటే నాయకత్వం ఒక్క చోటే ఉంటుంది కదండీ."

"అట్టి గొంతు ఎవరికున్నది?"

"నూకాలమ్మని, ఎర్రయ్య అనే పేషెంటు కూతురు సార్. చేపలమ్ముతుంది."

"ఆమె నర్సు కాదు కదా."

"మీరు చెప్పిన అర్థం ప్రకారం నర్సు అవక్కర్లేదు సార్. అడిగితే ‘నేనే’ అనాలి, పేషెంటుని ముట్టుకోకూడదు. ఉత్తర్వులో అంతే ఉందండీ."

వినయభూషణ్ చాలాసేపు పెసరట్టు వైపు చూశాడు. ఆయన బుర్రలో ఏదో పెద్ద తలుపు తెరుచుకుంటున్నట్టు ముఖం విచ్చుకుంటూ వచ్చింది. "యథార్థము. నర్సింగు తెలియకపోవుట ఆమెకు అదనపు అర్హత. రోగి కనబడగనే చేయి వేయవలెనను దురభ్యాసము ఆమెకు ఉండదు. పైపెచ్చు ప్రజా భాగస్వామ్యము. ఈ ఆలోచన నాకు నిన్నటి నుండియే కలదు."

"అవునండీ" అంది కనకం.

నూకాలమ్మని ఒప్పించడమే కష్టమైంది. "నానేటి, ఇన్‌చార్జేటి? మా నాన్నని ఒగ్గీసి గుమ్మంకాడ కూకోనా?" అంది.

"నువ్వు గుమ్మం దగ్గర కూర్చుంటే మేమందరం ఈ పట్టీలు విప్పేసి మంచాల దగ్గరికి వెళ్ళొచ్చు" అని కనకం మెల్లిగా చెప్పింది. "మీ నాన్నని నేను చూసుకుంటాను."

నూకాలమ్మ ఆమె ముఖంలోకి చూసింది. "నిన్న రాలేదు కదా నువ్వు."

"రాలేదు."

నూకాలమ్మ తండ్రి కాలి వేళ్ళు నిమురుతూ నిలబడింది. "సరే. నువ్వు మా నాన్నని సూసుకో, నాను గుమ్మం సూసుకుంటాను. అతనికేటైనా అయితే మాత్తరం ఊరుకోను" అంది.

పరీక్ష జరిగింది. నూకాలమ్మ ముందు గుమ్మంలో నిలబడింది. వినయభూషణ్ వెనక తలుపు బయటికి వెళ్ళి, తలుపు మూసుకుని, లోగొంతుకతో ప్రశ్న అడిగాడు. అది ఆమెకి ఎలా వినపడిందో తెలీదు. "నానే" అంది. మందుల కౌంటర్ దగ్గర వరసలో నిలబడ్డవాళ్ళు వెనక్కి తిరిగి చూశారు. పార్కింగులో ఒక ఆటోవాడు బండి ఆపేశాడు.

ఆ మధ్యాహ్నమే ఉత్తర్వు వచ్చింది. నర్సుల పట్టీలన్నీ వెనక్కి తీసుకుని, ఒకటి నూకాలమ్మకి వేశారు. ఇన్‌చార్జి పదవికి తగిన గౌరవం ఉండాలని సూపరింటెండెంట్ తన సొంతంగా ఒక వాక్యం చేర్చాడు. ‘ఇన్‌చార్జి వారి వేలిముద్ర లేనిదే ఏ రోగిని గాని, ఏ వస్తువును గాని విభాగము నుండి వెలుపలికి తరలించరాదు.’ సర్వీసు మొత్తంలో ఆయన సొంతంగా రాసిన వాక్యం అదొక్కటే.

*

నూకాలమ్మ నాయకత్వం మొదలయ్యాక ఐసీయూలో చేతులు మళ్ళీ కదిలాయి. దీవెన మళ్ళీ పరిగెత్తుతోంది. ఈసారి ఆమెతోపాటు అందరూ పరిగెత్తుతున్నారు. కనకం మోకాళ్ళ నొప్పులు తిరిగొచ్చాయి. టీ చల్లారిపోతోంది. ఎర్రయ్య మంచం దగ్గర ఆమె అవసరానికి మించి నిలబడేది. గొట్టం మార్చేది, వీపు తుడిచేది, ఎవరూ చూడనప్పుడు ముసలాయన చెయ్యి పట్టుకునేది.

గుమ్మం దగ్గర నూకాలమ్మకి పదవి నచ్చింది. కుర్చీ అలా తిరగడం ఆమెకి నచ్చక దాన్ని బయటికి తోసేసి ముక్కాలిపీట వేసుకుంది. జోళ్ళతో వచ్చినవాళ్ళని లోపలికి పోనివ్వలేదు. చేతులు కడుక్కోనివాళ్ళని పోనివ్వలేదు. ఒక రోగికి ఒక చుట్టం, అంతకు మించి లేదు. చనువుకొద్దీ దూరే మెడికల్ కంపెనీల వాళ్ళు ఆమె గొంతు ఒకసారి విన్నాక మెట్లదాకా వచ్చి వెనుదిరిగేవాళ్ళు. ఆమె అన్ని వేళలా న్యాయంగా ఉండేదని చెప్పలేం. తన బజారు వాళ్ళు వస్తే ఇద్దరిని వదిలేది. ఒక ప్రొఫెసరు గారిని తెల్లకోటు మాసిపోయిందని వెనక్కి పంపించింది. ఆయన ఆ మధ్యాహ్నం ఉతికిన కోటు వేసుకుని వచ్చాడు.

కబురు విని చైర్మన్ గారు మనుషులతో వచ్చారు. ఆయన ఆ ప్రశ్నని ఎంతో ఇష్టంగా అడిగారు.

"ఇక్కడ ఇన్‌చార్జి ఎవరు?"

"నానే బాబూ."

ఆయన చిరునవ్వుతో వెనక్కి తిరిగి తన మనుషుల వైపు చూశారు. ఫొటో తీశారు. తర్వాత ఆయన లోపలికి అడుగు వేశారు.

"ఆగండి బాబూ. జోళ్ళు అక్కడ ఇప్పండి. ఒక్కరే రావాల. ఎవుల్ని సూడ్డానికొచ్చారు?"

"రోగులని."

"ఏ రోగిని? పేరేటి?"

చైర్మన్ గారు తన మనిషి వైపు చూశారు. ఆ మనిషి పళ్ళ బుట్ట వైపు చూశాడు.

"పేరు తెలీకుండా పలకరింపేటి బాబూ. ఆ పళ్ళు అక్కడెట్టి ఎల్లండి. తినగలిగినోళ్ళకి నాను పంచుతాను."

చైర్మన్ గారు వెళ్ళిపోయారు. ఆయనకి జవాబు దొరికింది. అలాంటి జవాబు దొరకడం కంటే దొరకకపోవడమే నయమని ఆయనకి దారిలో తెలిసింది. ఇంటికి చేరుతూనే సూపరింటెండెంట్‌కి ఫోను చేశారు.

సూపరింటెండెంట్ ఇరుకున పడ్డాడు. ఇన్‌చార్జిని తీసేస్తే నాయకత్వ శూన్యత. ఆదర్శ ఐసీయూ అని రాజధానికి రాసింది తనే. చివరికి ఒక ఉపాయం తట్టింది. తండ్రి డిశ్చార్జి అయితే కూతురు తనంతట తనే పోతుంది. ముగ్గురు డాక్టర్లతో మెడికల్ బోర్డు వేశాడు. బోర్డు వాళ్ళు జోళ్ళు విప్పడం ఇష్టంలేక గుమ్మంలోంచే ఎర్రయ్యని చూశారు. ‘రోగి ప్రశాంతముగా ఉన్నాడు. ఎట్టి ఫిర్యాదులు చేయుట లేదు. ఇంటికి పంపవచ్చును’ అని రాశారు. గొంతులో వెంటిలేటర్ గొట్టం ఉన్న మనిషి ఫిర్యాదు ఎలా చేస్తాడని ఎవరూ అడగలేదు.

కనకాన్ని పిలిపించి, "ఆ గొట్టం తీసేసి పేషెంటుని పంపించెయ్యండి" అన్నాడు సూపరింటెండెంట్.

"తీస్తే బతకడండీ."

"బోర్డు రాసింది కదమ్మా."

కనకం ఆయన టేబుల్ ముందు నుంచి కదలలేదు. ఇలాంటి మాట ఎప్పుడైనా అంటానని ఆమె అనుకోలేదు. "నాకు చెప్పకండి సార్. నేను ఇన్‌చార్జిని కాను. ఆమె వేలిముద్ర లేందే పేషెంటుని కదపకూడదని మీరే రాశారు. మీ మాట నేను జవదాటలేను."

సూపరింటెండెంట్ తన వాక్యాన్ని తీయించి చదువుకున్నాడు. ఎటునుంచి చదివినా అందులో సందు లేదు. చివరికి ఇంకు డబ్బా పట్టుకుని స్వయంగా ఐసీయూ గుమ్మం దగ్గరికి వెళ్ళి, జోళ్ళు విప్పి, నిలబడ్డాడు.

"ఇక్కడ వేలెయ్యమ్మా. మీ నాన్నకి నయమైపోయింది."

"ఏలేస్తే ఎక్కడికెల్తాడు?"

"ఇంటికి."

"ఆ మిషనుతోటా?"

"మిషను ప్రభుత్వ ఆస్తమ్మా."

"ఐతే నాను ఏలెయ్యను బాబూ. అతను నడిసి ఈ గుమ్మం దాటిననాడు ఏలేస్తాను. తప్పుకోండి, వెనకాల స్ట్రెచరొస్తంది."

ఆయన తప్పుకున్నాడు.

*

ఎర్రయ్యకి గొట్టం తీసిన రోజున కనకం పక్కనే ఉంది. ముసలాయన చాలాసేపు దగ్గి, నీళ్ళతో పెదవులు తడిపించుకుని, మొదటగా అడిగిన మాట ఇది: "ఎవులమ్మా గుమ్మంకాడ అలా అరుస్తంది?"

"నీ కూతురే తాతా. ఇక్కడ ఇన్‌చార్జి."

"మరే" అన్నాడు ముసలాయన, ఇందులో ఆశ్చర్యపోవడానికి ఏముందన్నట్టు. మళ్ళీ కళ్ళు మూసుకున్నాడు. కనకం ముఖం పక్కకి తిప్పుకుని సెలైను సీసా సర్దింది. ఆ సీసాకి సర్దవలసిన పనేమీ లేదు.

కొన్నాళ్ళకి ఆయన కూతురి భుజం పట్టుకుని నడుస్తూ గుమ్మం దాటాడు. నూకాలమ్మ వేలిముద్ర వేసి, వేలిని చీర కుచ్చెళ్ళకి తుడుచుకుని, పట్టీని తలుపు గడియకి తగిలించి ఆటో ఎక్కింది. ఆటో కదిలాక తల బయటపెట్టి కనకం వైపు ఒకసారి చూసింది.

తర్వాతి వారం వినయభూషణ్ రాష్ట్రస్థాయి ఉత్తమ నాయకత్వ పురస్కారంతో వచ్చాడు. ఐసీయూలో పని నడుస్తోంది. గుమ్మం దగ్గర ఖాళీ ముక్కాలిపీట ఉంది. ఆయనకి చెమటలు పట్టాయి. అనుమతి లేకుండా విధులకు గైర్హాజరైన ఇన్‌చార్జిని వెంటనే తీసుకురావాలని, మనిషిని గుర్తుపట్టడానికి కనకాన్ని కూడా జీపెక్కించుకుని రేవు బజారుకి బయల్దేరాడు.

నూకాలమ్మ గంప ముందు కూర్చుని చేపల మీద నీళ్ళు చల్లుతోంది. వినయభూషణ్ బురద మీద జాగ్రత్తగా నిలబడి, పురస్కారం రెండు చేతులతో పట్టుకుని, "ప్రభుత్వము వారు మీ సేవలను గుర్తించియున్నారు. తక్షణమే వచ్చి విధులలో చేరవలసినదిగా కోరడమైనది" అన్నాడు.

"ఎందుకొస్తాను బాబూ? మా నాన్న ఇంటికొచ్చీసినాడు కదా." ఆమె కనకం వైపు చూసింది. "గంజి తాగుతన్నాడు సిస్టరమ్మా. రాత్తిరి సేప కూడా అడిగినాడు."

"కారం తగ్గించి పెట్టు" అంది కనకం.

"మరి ఇన్‌చార్జి ఎవరని ఎవరైన అడిగినచో మేము ఏమి బదులీయవలెను?" వినయభూషణ్ పురస్కారాన్ని గుండెకి హత్తుకున్నాడు. మళ్ళీ గుండ్రాలు, మళ్ళీ పట్టీలు ఆయన కళ్ళలో కదులుతుండడం కనకానికి కనపడింది.

"టూర్లో ఉన్నారని చెప్దాం సార్" అంది.

వినయభూషణ్ ఆమె వైపు తిరిగాడు. ఆ మాటని మనసులో ఒకటికి రెండుసార్లు అనుకున్నాడు. టూర్లో ఉన్నారు. ఇన్‌చార్జి ఉన్నట్టే, లేనందుకు తప్పు లేనట్టే. ఎన్నాళ్ళైనా చెప్పవచ్చు, ఎవరికైనా చెప్పవచ్చు, ఎవరూ మారుప్రశ్న వేయరు. తన సర్వీసులో ఇంత సంపూర్ణమైన జవాబు ఆయన వినలేదు. కళ్ళు చెమర్చాయి. "ఇదియే విధానము" అన్నాడు. "రాష్ట్రమంతటను అమలు చేయుదము."

"బేరం అడ్డంగా నిలబడ్డారు బాబూ. సేప కావాలా, వద్దా?" అంది నూకాలమ్మ.

ఆయన తత్తరపడి, వేలితో ఒక చేపని చూపించాడు. నూకాలమ్మ దాన్ని కత్తిపీట మీద పెట్టి తల ఎత్తింది.

"ముక్కలు కొట్టమంటారా, ఇలాగే ఇచ్చీమంటారా?"

వినయభూషణ్ చేప వైపు చూశాడు. కత్తిపీట వైపు చూశాడు. వెనకాల జీపు డ్రైవరు వైపు చూశాడు. "ఈ అంశమును పరిశీలించి..." అని మొదలుపెట్టి ఆగిపోయాడు. వెనక కొనుక్కునేవాళ్ళు ఆగి ఉన్నారు. ఈగలు ముసురుతున్నాయి.

"ముక్కలు కొట్టు నూకాలమ్మా" అంది కనకం. "తొందరగా కొట్టు. మధ్యాహ్నం డ్యూటీ నాది."